దొరకని సంచిక

గుంటూరు నుంచి ఉత్తరం రాసిన ఈ సోదరి వయసు 56 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా విరమించుకున్నారు. పదేళ్ల వయసు నుంచి పుస్తకం పట్టుకోకుండా నిద్రపోయిన రాత్రి లేదట. గత రెండేళ్లలో 11 కథలు రాశారు, ఒక్కటీ పత్రికకు పంపలేదు. బ్రాడీపేటలో పుట్టింట్లోనే ఉంటున్న అన్నయ్య గారికి ప్రతి కథనూ ముందు చూపిస్తారు. ఆయన అంచుల్లో పెన్సిలుతో గీతలు గీసి, “ఇది నువ్వు రాసింది కాదు, ఎక్కడో చదివింది” అని తిరిగి ఇచ్చేస్తారు. నాదంటూ ఒక శైలి ఏర్పడాలంటే కొన్నాళ్లు చదవడం మానెయ్యాలా అన్నది ఈమె ప్రశ్న.

అమ్మా, మానవద్దు. ఈ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు అక్కరలేదు. ఇన్నేళ్లు తిన్న అన్నం ఒంట్లో రక్తమయ్యాక, ఆ రక్తం నాదేనా అన్న అనుమానంతో ఎవరూ భోజనం మానుకోరు. మీ బెంగకు మూలం ఆ పెన్సిలు గీతల్లో ఉంది.

చదివినవాళ్ల ఛాయ రాతలో కనబడడమే దోషమైతే తెలుగు భారతం పూర్తయ్యేదే కాదు. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని అలాగే ఉంచి విరాటపర్వంతో మొదలుపెట్టారు. ఆ తిక్కన గారి తండ్రి కొమ్మన మీ గుంటూరు విభుడే. మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన, నన్నయ ధోరణిలో అందుకుని మెల్లగా తిక్కన ధోరణిలోకి నడిపించి, పైగా నన్నయ కృతిపతి అయిన రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చారు. ఇద్దరినీ అంతగా చదివి ఒంటబట్టించుకున్నందుకే ఆయనకు అది సాధ్యమైంది, అందుకు లోకం ఆయనను చిన్నచూపు చూడలేదు, ప్రబంధ పరమేశ్వరుడంది.

మీరు కూడా అలాంటి పనే చేశారు, కానీ దాన్ని ఉత్తరం చివర రెండు వాక్యాల్లో తేల్చేశారు. వారపత్రికల్లోంచి సీరియలు కాగితాలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో పురికొస వేసి మీ అమ్మగారు కుట్టిన పుస్తకం గురించి రాశారు. ఆవిడ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంటే, పక్కన కూర్చుని మీరు పైకి చదివేవారు. ఎరువిచ్చిన పత్రికను పక్కింటివాళ్లు పోగొట్టడంతో పన్నెండో వారం కాగితాలు లేవు. అక్కడికి వచ్చేసరికి మీరు ఆగకుండా, తోచిన కథ అల్లి, కాగితం చూస్తున్నట్టే చెప్పుకుపోయారు. అమ్మగారికి అనుమానమే రాలేదు. అమ్మా, మీరు కథకురాలైంది ఆ మధ్యాహ్నమే. ముందు పదకొండు వారాలు అంత శ్రద్ధగా చదివి ఉండకపోతే ఆ పన్నెండోది మీకు తట్టేది కాదు. ఆ రోజు అంచుల్లో గీతలు గీసేవారు ఎవరూ లేరు.

ఇక మీ అన్నయ్య గారి సంగతి. మీకు మొదటి పుస్తకం చేతికిచ్చింది ఆయన, ఆ ఋణం చిన్నది కాదు. నాన్నగారు పోయాక ఇంటి భారం మీద పడి, కాలేజీ రోజుల్లో రాస్తున్న కథలు ఆయన మానేశారని కూడా మీరే రాశారు. ఆగిపోయిన ఆ రాత తాలూకు నొప్పి ఈ గీతల్లో ఉందనే నేననుకుంటున్నాను, కాబట్టి ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. అయినా, ఇల్లు నడిపి, పిల్లల పెళ్లిళ్లు చేసి, బ్యాంకులో లక్షల లెక్కలకు బాధ్యతగా సంతకం పెట్టిన మనిషి, తన కథకు మాత్రం ఇంకొకరి సంతకం కోసం రెండేళ్లుగా కాచుకుని ఉండడం నాకు బాధ కలిగించింది. 1914లో మా విజయవాడలోని రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించిన పెద్దలు గానీ, ఆ తర్వాత కాలువల మీద పడవల్లో పల్లెలకు పుస్తకాలు చేరవేసినవారు గానీ, చదువుకున్నవాళ్లు తమ అనుమతితోనే నోరు విప్పాలని కోరలేదు. పుస్తకం అందించిన చేతికి దండం పెట్టవలసిందే, కానీ మీ కలం ఆ చేతికి అప్పగించవలసిన పని లేదు.

ఆ పదకొండు కథల్లో మీకు నచ్చిన మూడింటిని గీతలు లేని తెల్లకాగితాల మీద మళ్లీ రాసి పత్రికలకు పంపండి. తిరిగి వస్తే ఇంకో పత్రికకు పంపండి. అచ్చయ్యేవరకు అన్నయ్య గారికి చూపించకండి, అచ్చయ్యాక మొదటి ప్రతి ఆయనకే ఇవ్వండి. ఆయన పాత కథలేమైనా మిగిలి ఉంటే అడిగి తీసుకుని చదవండి, పెన్సిలు మాత్రం పట్టుకోవద్దు.

ఈ సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు, ఆ ఇంటి బీరువాలోనే ఉందని మీరు రాసిన ఆ కుట్టుపుస్తకాన్ని అడిగి తెచ్చుకోండి. అమ్మగారికి నోటితో చెప్పిన ఆ పన్నెండో వారాన్ని, గుర్తున్నంత మేరకు కాగితం మీద పెట్టి, పదకొండుకీ పదమూడుకీ మధ్య పురికొసతో కుట్టండి.