సాకో, వాంజెట్టీలను తర్వాత నిర్దోషులుగా ప్రకటించారా?

లేదు, వాళ్ళ విచారణ న్యాయంగా జరగలేదని మాత్రమే 1977లో మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్ ప్రకటించారు. ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన ఈ ఇద్దరు అనార్కిస్టులకు (ప్రభుత్వమే ఉండకూడదని వాదించేవాళ్ళకు), 1920 నాటి జీతాల డబ్బు దోపిడీ, జంట హత్యల కేసులో 1927 ఆగస్టు 23న విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలైంది.

అసలు లోపం పద్ధతిలోనే ఉంది. పునర్విచారణ కోరితే, అప్పటి చట్టం ప్రకారం మొదట విచారించిన జడ్జే మళ్ళీ తేల్చాల్సి ఉండేది. పై కోర్టు చట్టపరమైన తప్పులే చూసేది, సాక్ష్యాల బలాబలాలు తూచేది కాదు. ప్రాణం పోయే కేసులో ఇది ఘోరం. ఉదాహరణకు, ఆ దోపిడీలో తానున్నానని, వీళ్ళిద్దరూ లేరని 1925లో మెదీరోస్ అనే ఖైదీ ఒప్పుకున్నాడు. జడ్జి వెబ్‌స్టర్ థేయర్ దాన్ని నమ్మలేదు, పునర్విచారణ ఇవ్వలేదు.

డుకాకిస్ ప్రకటనను చాలామంది క్షమాభిక్ష అనుకుంటారు. వాళ్ళ పేర్ల మీద మచ్చ తొలగాలని అందులో ఉంది గానీ, నేరం చేశారా లేదా అన్నది అది తేల్చలేదు.