షార్లెట్ రేసులో వాన పడితే టికెట్ డబ్బులు పోయినట్టేనా?

అమెరికాలో షార్లెట్ ట్రాక్ మీద జరిగే నాస్కార్ కార్ల రేసు కోకా-కోలా 600కి టికెట్లు కొన్నారు, వాన పడితే డబ్బులు వెనక్కి ఇస్తారా, అసలు వానలో ఎందుకు నడపరు అని కదా మీ ప్రశ్న. డబ్బుల సంగతి ముందు చెప్పేస్తాను. సగం ల్యాపులు, అంటే ట్రాక్ చుట్లు, దాటాక ఆపేస్తే అది పూర్తయిన రేసు కిందే లెక్క, రీఫండ్ మీద ఆశ పెట్టుకోకండి. మర్నాటికి వాయిదా వేస్తే మాత్రం అదే టికెట్ చెల్లుతుంది. రేసు ఆదివారం, మర్నాడు సోమవారం అమెరికాలో మెమోరియల్ డే కాబట్టి ఎలాగూ సెలవే.

2024 మే 26న నేను ఆ స్టాండ్స్‌లోనే ఉన్నాను. మొత్తం 400 ల్యాపులు, 249 దగ్గర వాన పట్టుకుంది. రెడ్ ఫ్లాగ్ ఊపి కార్లను పిట్ రోడ్డులో (పెట్రోలు, టైర్ల కోసం ఆగే పక్క దారిలో) నిలబెట్టి కవర్లు కప్పేశారు. కాసేపటికి వాన తగ్గింది. గాలి చిమ్మే బళ్లు ట్రాక్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి, ట్రాక్ మాత్రం ఆరదే! నా సీటు తుడిచిన ప్రతిసారీ మళ్లీ చెమ్మ. గాలిలో అంత తేమ ఉంటే ఏ మెషిన్ మాత్రం ఏం చేస్తుంది? పదకొండున్నర ప్రాంతంలో ఇక చాలన్నారు. అప్పటికి ముందున్న క్రిస్టఫర్ బెల్‌దే గెలుపు. డక్‌వర్త్ లూయిస్ లాంటి లెక్కలేవీ లేవు, ఎవరు ముందుంటే వాళ్లే.

పాపం కైల్ లార్సన్. అదే రోజు ఇండియానాపోలిస్‌లో ఇండీ 500 అనే ఇంకో కార్ల రేసు నడిపి, అక్కడా వాన వల్ల ఆలస్యమై, విమానంలో షార్లెట్ వచ్చి హెల్మెట్‌తో సిద్ధమయ్యేసరికి ఇక్కడ వాన. ఒక్క ల్యాప్ కూడా నడపలేదు. ఆయన కారును అప్పటిదాకా జస్టిన్ ఆల్‌గయర్ నడిపాడు.

తడిలో నడపకపోవడానికి కారణం టైర్లే. పొడి ట్రాక్ టైర్లకు గాడులుండవు, నీళ్లు పక్కకు పోయే దారి లేదు. వాన టైర్లు ఉన్నాయి కానీ, 24 డిగ్రీల వాలున్న ఇలాంటి వేగమైన ట్రాక్ మీద వాడరు. మెరుపులదీ ఇంకో తలనొప్పి. ఎనిమిది మైళ్ల లోపు పిడుగు పడితే అరగంట ఆపాల్సిందే. మళ్లీ పడిందా, అరగంట మొదటికొస్తుంది.

నా మట్టుకు వాన ముప్పున్న రేసే మజా. సగం ల్యాప్ దగ్గరికొచ్చేకొద్దీ టీములన్నీ రాడార్ చూస్తూ ఒకటే టెన్షన్: పెట్రోలుకు లోపలికి రావాలా, ముందే ఉండిపోవాలా? 2019 జూలైలో ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్ మీద, రేసు మళ్లీ మొదలవుతుందని చెప్పగానే ముందున్న కర్ట్ బుష్ పిట్‌లోకి వచ్చాడు. అంతలో మెరుపు. బయటే ఉండిపోయిన జస్టిన్ హేలీ ముందుకొచ్చాడు, 160 ల్యాపుల రేసు 127తో ముగిసింది. నాస్కార్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన కప్ సిరీస్‌లో అతనికది మూడో రేసు!

మీరు చేయాల్సిందల్లా ఆలస్యం చేయకుండా వెళ్లి మొదటి 200 ల్యాపులు వదలకుండా చూడటం. గొడుగు కాకుండా రెయిన్‌కోటు పెట్టుకోండి, వెనక కూర్చున్నవాళ్లు తిట్టుకోకుండా ఉంటారు.