ఏరియా నచ్చకపోతే అడ్వాన్స్ తిరిగి వస్తుందా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇద్దరు చిన్నపిల్లలతో కొత్త నగరానికి మారుతున్నాం. ఒక కాలనీలో ఇల్లు నచ్చింది. 11 నెలల అగ్రిమెంటు రాద్దామంటున్న ఓనరు, ఆరు నెలల్లోపు ఖాళీ చేస్తే అడ్వాన్స్ ఇవ్వనంటున్నారు. తీరా చేరాక ఆ చుట్టుపక్కల పిల్లలకు సరిపడకపోతే చట్టం మాకు సాయపడుతుందా?

జవాబు: ఏరియా నచ్చలేదన్న ఒక్క కారణంతో అగ్రిమెంటు నుంచి బయటపడే హక్కు మీకు రాదు. ఇంట్లో ఓనరుకు తెలిసిన పెద్ద లోపం ఉండి, మామూలుగా చూస్తే అది మీకు కనబడనిదైతే, ఆయన ముందే చెప్పి తీరాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేది ఇదే. పక్కన ఫంక్షన్ హాలు ఉండటం, వీధి చివర రాత్రుళ్లు గుంపులు చేరడం లాంటివి దీని కిందకు తేవడం చాలా కష్టం. ఒకసారి వెళ్లి చూస్తే తెలిసేవే కదా అంటారు. రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్లు మోగుతుంటే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు గానీ, దానివల్ల అడ్వాన్స్ వెనక్కి రాదు.

అలాగని అడ్వాన్స్ మొత్తం ఓనరు ఉంచేసుకోవచ్చనీ కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. అగ్రిమెంటులో రాసిన మొత్తం దానికి పైపరిమితి మాత్రమే. మీరు వెళ్లిన వారానికే మరొకరు అద్దెకు దిగితే, ఆయనకు పెద్దగా నష్టం జరగలేదని మీరు వాదించవచ్చు. కానీ పిల్లల స్కూలు, కొత్త ఉద్యోగం మధ్య కోర్టు చుట్టూ తిరగడం ఎంత టెన్షనో ఆలోచించండి. నేనైతే అంతదాకా రానివ్వవద్దంటాను.

అందుకే డబ్బు ఇవ్వకముందే ఈ షరతు రాయించుకోండి: "ఒక నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు. బకాయిలు, మరమ్మతుల ఖర్చు పోగా మిగిలిన అడ్వాన్స్‌ను తాళాలు అప్పగించిన రోజే ఇవ్వాలి." ఒప్పుకోకపోతే ఆరు నెలల గడువును కనీసం రెండు నెలలకు తగ్గించమనండి. "ఇక్కడ ఏ గోలా ఉండదు" అని ఆయన నోటిమాటగా అంటే, అదే మాట వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. రేపు అవసరమైతే సాక్ష్యంగా పనికొస్తుంది.

సంతకానికి ముందు ఒక శనివారం రాత్రి పదింటికి ఆ వీధికి వెళ్లండి. మళ్లీ స్కూలు బస్సులు వచ్చే వేళకు ఒకసారి వెళ్లి, పిల్లలున్న ఇంటివాళ్లను పలకరించండి.