చర్చిలో ఒక గొంతు, ఇంట్లో ఇంకో గొంతు

ప్రశ్న: నా వయసు 47. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా చర్చి సంఘంలో పెద్దగా ఉన్నాను. ఆదివారం ఆరాధనలో ప్రార్థన నడిపించేది చాలాసార్లు నేనే. మా అబ్బాయికి పదిహేడేళ్లు. కొన్ని నెలలుగా చర్చికి రావడం మానేశాడు. ఒక రాత్రి గట్టిగా నిలదీస్తే, "చర్చిలో మాట్లాడే గొంతుతో ఇంట్లో అమ్మతో ఒక్కసారి మాట్లాడండి నాన్నా, అప్పుడు వస్తాను" అన్నాడు. పాత తేదీలు వేసి బిల్లులు ఎక్కించమని మా మేనేజరు ఫోన్‌లో చెబితే నేను సరేననడం కూడా విన్నాడట. నాకు కోపం ఎక్కువే. ఎవరిమీదా చెయ్యి చేసుకోలేదు కానీ ఒకసారి ఫోన్ గోడకేసి కొట్టాను. మా ఆవిడ ఏమీ అనదు, సర్దుకుపోతుంది. వాడన్న మాటతో నాకు నిద్ర పట్టడం లేదు. వాడు విశ్వాసం వదిలేస్తాడేమోనని భయంగా ఉంది. పాస్టరుగారితో చెప్పించమంటారా? ఉపవాస ప్రార్థన పెట్టుకోమంటారా? వాణ్ని తిరిగి దేవుని దగ్గరికి ఎలా తేవాలి?

జవాబు: "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది" అని ఆ రాత్రే వాడి నోరు మూయించి, మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లిపోయే తండ్రులు చాలామంది ఉంటారు. మీరు అలా చేయలేదు. ఆ మాట మిమ్మల్ని తొలుస్తోంది కాబట్టే ఉత్తరం రాశారు. అందుకే మీతో దాపరికం లేకుండా మాట్లాడుతున్నాను.

ముందు మీ అబ్బాయి ఏమన్నాడో ఇంకోసారి చూడండి. దేవుడు లేడనలేదు. బైబిల్ మీద నమ్మకం పోయిందనలేదు. "అప్పుడు వస్తాను" అన్నాడు. ఆదివారం మీరు చేసే ప్రార్థన నిజమని వాడు నమ్మాలనే చూస్తున్నాడు. సోమవారం నుంచి శనివారం వరకు ఇంట్లో ఆ నిజం జాడ దొరక్క అడిగాడు. అమ్మ తరఫున ఇంట్లో ఎవరూ అడగని మాట అడిగాడు. ఆ వయసులో ఇంతకంటే మర్యాదగా ఎవరూ అడగలేరు.

వాణ్ని దేవుని దగ్గరికి ఎలా తేవాలన్నారు. అది మీ చేతిలో పని కాదు. పదిహేడేళ్ల మనిషి మనసులోకి తాళం తీసుకుని ఎవరూ వెళ్లలేరు. మీ చేతిలో ఉన్నది మీ నోరు, మీ సంతకం, సాయంత్రం మీరు ఇంట్లోకి అడుగుపెట్టే తీరు. పశ్చాత్తాపం గురించి మీకు నేను బోధించక్కర్లేదు, మీరే ఎందరికో చెప్పి ఉంటారు. ఒక్కటి మాత్రం అంటాను: తప్పు ఎవరి దగ్గర జరిగిందో పశ్చాత్తాపం వాళ్ల దగ్గరికి కూడా వెళ్లాలి. రాత్రి మోకాళ్లమీద దేవుని ముందు ఒప్పుకుని ఉంటారు, మంచిదే. కానీ మీ కేకలు విన్నది పక్క గదిలో ఉన్న మనిషి. ఆ మనిషితో ఇంతవరకు ఒక్క మాటా అని ఉండరు. బలిపీఠం ముందు అర్పణ పెట్టేటప్పుడు, సహోదరుడికి నీమీద ఏదైనా ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:23-24). ఆరాధన మధ్యలో ఆపేసి మరీ వెళ్లమన్నాడు. ఆ సహోదరుడు మనం కట్టుకున్న మనిషి అయితే ఆ మాట వర్తించదని మనలో చాలామంది అనుకుంటాం.

మీ ఉత్తరమంతా అబ్బాయి గురించే. మీ భార్య గురించి ఒకే వాక్యం ఉంది: "ఏమీ అనదు, సర్దుకుపోతుంది." నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే. మిమ్మల్ని కొన్ని అడుగుతాను, జవాబు నాకు రాయక్కర్లేదు. సాయంత్రం గుమ్మం బయట మీ బండి ఆగిన చప్పుడు వినపడగానే ఇంట్లో ఏం జరుగుతుంది? టీవీ సౌండు తగ్గుతుందా? అబ్బాయి లేచి తన గదిలోకి వెళ్లిపోతాడా? ఆవిడ మాట్లాడే ముందు, ఇవాళ ఎలా ఉన్నారోనని మీ ముఖం చూస్తుందా? ఇవి జరుగుతుంటే ఆవిడది సర్దుబాటు కాదు, భయం. చెయ్యి చేసుకోలేదన్నారు, నమ్ముతాను. అయినా గోడకు తగిలి పగిలిన ఫోన్‌ని చూసినవాళ్లకు, అది ఇంకో వైపు కూడా రాగలదని అర్థమవుతుంది. ఆ తర్వాత మీరు గొంతు పెంచిన ప్రతిసారీ వాళ్లకు అదే గుర్తొస్తుంది.

మొదటి పేతురు 3:7 ఒకసారి తీసి చదవండి. భర్తలు భార్యలను జీవమనే కృపలో తమతో పాటు సమాన వారసులుగా ఎంచి గౌరవించాలని, లేకపోతే వాళ్ల ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని ఉంటుంది. ఆ హెచ్చరిక పేతురు భర్తలకే రాశాడు. సంఘమంతటి తరఫున ప్రార్థించే మనిషి ముందుగా జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

కాబట్టి మొదట వెళ్లాల్సింది ఆవిడ దగ్గరికి. ఎలా అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది క్షమాపణ అడగబోయి ఇంకో గొడవ తెచ్చుకుంటారు. ఆవిడ పనిలో లేనప్పుడు, మీకు ఎక్కడికీ వెళ్లే తొందర లేనప్పుడు ఎదురుగా కూర్చోండి. చేసింది చేసినట్టు చెప్పండి. "నావల్ల ఏమైనా బాధ కలిగి ఉంటే" అనకండి. కలిగింది, అది మీకు తెలుసు. "ఆ రోజు ఫోన్ విసిరికొట్టాను. నువ్వు భయపడ్డావు. నేను చేసింది తప్పు" అంటే చాలు. "కానీ" అనే మాట నోటికొస్తే అక్కడే ఆగిపోండి. ఆఫీసు ఒత్తిడి, అప్పులు, మీ నాన్నగారి కోపం, అవన్నీ నిజమే అయినా ఆ రోజు వద్దు. వాక్యం కూడా ఎత్తవద్దు, ముఖ్యంగా క్షమించమని చెప్పే వాక్యాలు. బైబిల్ తెలిసిన మనిషి క్షమాపణ అడుగుతూ, "క్షమించకపోతే నీ పాపాలూ క్షమించబడవు" అన్న వచనం గుర్తుచేస్తే అది క్షమాపణ కాదు, బెదిరింపు. ఆవిడ ఏమీ అనకపోవచ్చు. ఏడవచ్చు. ఇన్నేళ్లుగా దాచుకున్నదంతా మీమీద ఒలకబోయవచ్చు. అప్పుడు మీకు కోపం వస్తుంది, ఆ పరీక్ష తప్పదు. విని ఊరుకోండి.

ఒక్కసారి అడిగితే కోపం పోదు. అది మీకూ తెలుసు. మనిషి కోపం దేవుని నీతిని నెరవేర్చదని యాకోబు రాసింది (యాకోబు 1:20) చదివినా, ఆఫీసునుంచి అలసిపోయి వచ్చిన వేళకు అది గుర్తురాదు. కోపానికి ముందే ఒళ్లు చెబుతుంది: దవడ బిగుసుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, చెవులు వేడెక్కుతాయి. ఆ గుర్తు పట్టడం నేర్చుకోండి. పట్టగానే "నేను కాసేపు బయట నడిచి వస్తాను, వచ్చాక మాట్లాడదాం" అని చెప్పి వెళ్లండి. చెప్పకుండా తలుపు ధడేల్న వేసి వెళ్తే అదీ శిక్షే అవుతుంది. వచ్చాక నిజంగానే మాట్లాడండి. ఇంటికి చేరేముందు బండి ఆపి కొన్ని నిమిషాలు మౌనంగా ఉండటం కూడా చాలామందికి పనిచేస్తుంది. ఇవన్నీ చేసినా వస్తువులు విసరడం ఆగకపోతే, ఇంట్లోవాళ్లు ఇంకా భయపడుతుంటే, మానసిక వైద్యుణ్నో కోపం మీద పనిచేసే కౌన్సెలర్‌నో కలవండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. అలాంటప్పుడు మీ భార్య కొన్నాళ్లు వేరేచోట ఉంటానంటే అడ్డు చెప్పకండి.

రాత్రి పడుకునే ముందు చేయదగిన ఒక సాధన ఉంది. 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తన వాళ్లకు నేర్పింది, ఇప్పటికీ క్రైస్తవులు ఎందరో పాటిస్తారు. ఆ రోజుని పొద్దుటినుంచి రాత్రిదాకా దేవుని ముందు నెమ్మదిగా తిరగేసుకోవడం. ముందు కృతజ్ఞత చెప్పి, ఏ మాటలో ప్రేమ ఉంది, ఏ మాటలో లేదు అని చూసుకుని, రేపటికోసం సహాయం అడగడం. మీరు చేసేటప్పుడు ఒక్క ప్రశ్న కలుపుకోండి: "ఇవాళ నాతో ఉండటం వాళ్లకు ఎలా ఉంది?" మన భక్తిని మన వైపునుంచే కొలుచుకునే అలవాటు దీంతో కొంత తగ్గుతుంది.

ఇక బిల్లుల సంగతి. దీన్ని చిన్నదిగా చూడకండి. మీ అబ్బాయి అలా చూడలేదు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లు, వచ్చి మేమేం చేయాలని అడిగితే, ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు (లూకా 3:12-14). ఇద్దరికీ చెప్పింది వాళ్ల చేతిలో రోజూ జరిగే పని గురించే. మీ చేతిలో జరిగే పని తేదీలు, అంకెలు, సంతకాలు. ఈసారి మేనేజరు అడిగితే పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "బిల్లు ఏ రోజు వచ్చిందో ఆ తేదీతోనే ఎక్కిస్తాను సార్, ఆలస్యం ఎందుకైందో పక్కన నోట్ రాస్తాను" అనండి. చాలాసార్లు వాళ్లకు కావలసింది లెక్క కుదరడమే, నిజాయితీగా కుదిరే దారి చూపిస్తే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మాట మార్చకండి, మీరు కాదన్నారన్నది రాతలో ఉండేలా చూసుకోండి. ఇప్పటికే ఎక్కించినవాటి విషయం నమ్మకస్తుడైన ఆడిటర్‌తో మాట్లాడి, సరిచేయగలిగింది సరిచేయండి. దీనివల్ల ఇంక్రిమెంటు పోవచ్చు, ఉద్యోగానికే ముప్పు రావచ్చు. దేవుడు చూసుకుంటాడులే అని తేలిగ్గా చెప్పేసి ఊరుకోను. ఇంటి ఖర్చు గురించి భార్యతో కూర్చుని లెక్క వేసుకోండి, వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. రాజు కొలువులో అధికారిగా ఉన్న దానియేలును పడగొట్టాలనుకున్నవాళ్లు మొదట వెతికింది అతని ఉద్యోగంలో తప్పు కోసం. అది దొరక్కే అతని ప్రార్థన జోలికి వెళ్లారు (దానియేలు 6వ అధ్యాయం). మీ అబ్బాయికి ఇలాంటి తండ్రి కావాలి.

అబ్బాయితో మాట్లాడటం భార్యతో మాట్లాడిన తర్వాతే. "నువ్వు అన్నది నిజం. ఆ బిల్లులు తప్పు, నేను సరిచేస్తున్నాను. అమ్మతో మాట్లాడాను" అని చెప్పండి. అంతే. "ఇక ఆదివారం వస్తావుగా" అని చివర తగిలించకండి. తగిలిస్తే ఇదంతా వాణ్ని చర్చికి రప్పించే ఎత్తుగడ అనుకుంటాడు. వాడు నమ్మడానికి నెలలు పడుతుంది, పట్టనివ్వండి. తండ్రులు పిల్లలను విసిగిస్తే వాళ్ల మనసు కుంగిపోతుందని పౌలు రాశాడు (కొలొస్సయులకు 3:21). పదే పదే అడగడం కూడా విసిగించడమే.

పాస్టరుగారితో చెప్పించవద్దు. వాడు మీతో చెప్పుకున్నాడు, పాస్టరుగారితో కాదు. కుటుంబ ప్రార్థనలో "ప్రభువా, ఈ బిడ్డ మనసు మార్చు" అని వాడు వినేలా పైకి ప్రార్థించకండి. అది దేవునికి చేసే ప్రార్థనలా వినపడదు, కళ్లు మూసుకుని పెట్టే చీవాట్లలా వినపడుతుంది. సంఘంలో వాడి పేరు ప్రార్థన అంశంగా కూడా ఇవ్వకండి. పెద్దగారి కొడుకు దారితప్పాడని నలుగురూ అనుకున్న రోజున, వాడు తిరిగి రావాలనుకున్నా ఆ గుమ్మం తొక్కలేడు.

పాస్టరుగారి దగ్గరికి మీరు వెళ్లండి, మీ కోసం. తన ఇంటిని చక్కగా ఏలుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పెద్దల గురించి మొదటి తిమోతి 3:5లో ఉంది. అందుకని పదవికి రాజీనామా ఇచ్చి ఊరంతా చెప్పుకోనక్కర్లేదు. కొన్నాళ్లు ఆదివారం ప్రార్థన ఇంకెవరికైనా అప్పగించమని ఏకాంతంగా అడగండి. కారణం ఆయనకు నిజం చెప్పండి, మిగతావాళ్లకు విశ్రాంతి కావాలంటే చాలు, అదీ అబద్ధం కాదు. ఇంట్లో కొంచెం మార్పు రాగానే మీ కథని సాక్ష్యంగా చెప్పమని ఎవరైనా అడుగుతారు. ఒప్పుకోకండి. మీ భార్య భయపడిన రాత్రులు ఆవిడవి. వాటిని మైకులో చెప్పే హక్కు ఆవిడ ఇస్తే తప్ప మీకు లేదు.

చివరగా ఉపవాసం. యెషయా 58వ అధ్యాయంలో జనం, మేము ఉపవాసముంటే నువ్వెందుకు చూడటం లేదని దేవుణ్ని అడుగుతారు. ఉపవాసముండే రోజునే మీ పనివాళ్లను పీడిస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు అని ఆయన జవాబిస్తాడు. కాబట్టి ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండండి, కానీ అబ్బాయి మారాలని కాకుండా మీ నోరు అదుపులోకి రావాలని అడుగుతూ ఉండండి. ఇంట్లో ఎవరికీ దాని భారం పడనివ్వకండి. ఆకలేస్తే చిరాకు పెరిగే స్వభావం మీదైతే ప్రస్తుతానికి ఉపవాసం వద్దు. వేళకు తిని, ఆ సాయంత్రం ఆవిడతో కాసేపు కూర్చోండి.