బ్లాకెన్డ్ ఫిష్ ఇంట్లో పొగ రాకుండా చేసుకునే దారి ఉందా?

బ్లాకెన్డ్ ఫిష్ అంటే వెన్న, మసాలా పట్టించిన చేపని బాగా కాలిన పెనం మీద పైపొర నల్లబడేలా చేసే వంట. మీ ప్రశ్న చదివాక నవ్వొచ్చింది, జాలీ వేసింది. అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నానన్నారు. నాన్‌స్టిక్ పెనం మీద నూనె పోసి, మసాలా పట్టించిన ఫిల్లెట్, అంటే ముల్లు తీసిన చేప ముక్క, వేస్తే పైన మాడి చేదొస్తోంది, లోపల పచ్చిగా ఉంటోంది, పైగా పొగకి అలారం మోగుతోంది, పొగ రాకుండా చేసే పద్ధతి చెప్పమన్నారు. లేదండీ, అలాంటి పద్ధతి లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఈ వంటకంలో పొగ లేనిదే చేప రాదు. ఆ పొగ ఎక్కడ రావాలన్నది మాత్రం మన చేతిలో పని.

మేముండేది అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, బేటన్ రూజ్‌లో. ఈ వంట పుట్టిన న్యూ ఆర్లీన్స్ ఇక్కడికి 80 మైళ్లు. అందుకే దీని గురించి ఎవరైనా తప్పుగా మాట్లాడితే ఊరుకోలేను, కాస్త ఓపిక పట్టండి.

మొదటి సంగతి, ఇదేదో తాతలనాటి కేజన్ వంటకం, అంటే లూసియానాలో స్థిరపడ్డ ఫ్రెంచి మూలాలవాళ్ల వంటకం అనుకుంటారు చాలామంది. మెనూ కార్డుల మీద కూడా అలాగే రాస్తారు. కాదు. పాల్ ప్రుధోమ్ అనే వంటాయన 1979లో న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్‌లో, చార్టర్స్ వీధిలో కే-పాల్స్ అని ఒక హోటల్ పెట్టాడు. అక్కడి నుంచి పాకింది ఈ నల్ల చేప. 1984లో ఆయన వంటల పుస్తకం వచ్చాక దేశమంతా ఇదే పిచ్చి. ఏ చేపతో అంటే రెడ్‌ఫిష్, అంటే రెడ్ డ్రమ్‌తో. పాపం ఆ చేపకి ఈ పేరే శాపమైంది. ఇక్కడి సముద్రంలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, వలలేసి టన్నులకి టన్నులు లాగేశారు. చివరికి ఫెడరల్ జలాల్లో వేట ఆపేయాల్సి వచ్చింది, 1988లో లూసియానా కూడా అమ్మకానికి పట్టడాన్ని నిషేధించింది. ఒక్క వంటకం దెబ్బకి ఒక చేప గతి అలా అయిందంటే మనిషి నాలుక ఎంత ప్రమాదమో చూడండి. ఇప్పటికీ ఇక్కడ సరదాకి గాలం వేసి పట్టుకోవచ్చు గానీ, 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉన్నవే, మనిషికి రోజుకి నాలుగే. ఇంకోలా దొరికితే నీళ్లలోకే వదలాలి. షాపులో రెడ్‌ఫిష్ అని కనిపిస్తే అది చాలావరకు చెరువుల్లో పెంచిందే. రుచికేం లోటు ఉండదు, కొనుక్కోండి.

ఇక అసలు విషయం. నేను ఈ వంట హోటల్లో తిని నేర్చుకోలేదు. హోటళ్లలో ఇప్పుడు బ్లాకెన్డ్ అని పెట్టేది చాలాచోట్ల గ్రిల్ చేసిన చేప మీద ఎర్రపొడి చల్లిందే. నాకు చూపించింది మా పక్కింటి పెద్దాయన. కేజన్ మనిషి, రిటైరయ్యాడు. ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్‌లో శుక్రవారాలు మాంసం ముట్టరు వాళ్లు. ఆ సాయంత్రాలు ఆయన కార్‌పోర్ట్‌లో, అంటే కారు పెట్టుకునే గోడల్లేని షెడ్డులో, చేపల వంట పెట్టుకుంటాడు. రొయ్యల్లాంటి క్రాఫిష్ ఉడకబెట్టే పెద్ద ప్రొపేన్ గ్యాస్ పొయ్యి ఉంటుంది కదా, మూడు కాళ్లది, దాని మీద ఒక కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) పెనం. వాళ్లమ్మ వాడిన పెనమట. నల్లగా, నున్నగా, మొహం చూసుకోవచ్చు అన్నట్టుంటుంది.

నేను వెళ్లేసరికి పెనం ఉత్తదే పొయ్యి మీద ఉంది. నూనె లేదు, ఏమీ లేదు. కింద మంట హోరుమంటోంది. కుర్చీలో కూర్చుని బీరు తాగుతున్నాడు. పెనం పొగలు కక్కడం మొదలుపెట్టింది, నేను లేచాను. "కూర్చో, ఇంకా చల్లగా ఉంది" అన్నాడు! కాసేపటికి ఆ పొగ కూడా ఆగిపోయింది. అప్పుడు వంగి చూడమన్నాడు. పెనం నడిమధ్యలో నలుపు మీద తెల్లగా, బూడిద రాలినట్టు ఒక మచ్చ వచ్చింది. ఆ మచ్చ రావాలి, అదీ గుర్తు. నీటిచుక్క వేసి చూడటం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే చుక్క ఇంతకన్నా చాలా తక్కువ వేడికే గెంతులేస్తుంది. పెద్ద మంట మీద కనీసం పది నిమిషాలు పడుతుంది ఆ మచ్చ రావడానికి. మీ నాన్‌స్టిక్ పెనం ఆ వేడి తట్టుకోదు, 260 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని పూత విరిగి విషపు ఆవిరి వస్తుంది. ఇంట్లో చిలకలో పిట్టలో ఉంటే చచ్చిపోతాయి. కాబట్టి ముందు ఆ పెనాన్ని ఆమ్లెట్లకి ఉంచేసుకోండి.

ఈలోగా చేపలు. ఫిల్లెట్లని కాగితంతో అద్ది తడి లేకుండా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు. బయట చిన్న గిన్నెలో ఉప్పులేని వెన్న కరిగించి ఉంది. చల్లటి ఫిల్లెట్‌ని ఆ వెన్నలో ముంచి ఎత్తగానే వెన్న దానిమీద పేరుకుని పల్చటి తెల్లటి పొరలా పట్టేసింది. దాని మీద మసాలా చల్లి, చేత్తో మెల్లిగా అద్దాడు, రెండు పక్కలా. వెన్నే జిగురు. మీరు నూనె పెనంలో పోస్తున్నారు చూశారా, అక్కడే తగలడుతోంది వ్యవహారం. మసాలా చేపని వదిలేసి నూనెలోకి దిగుతుంది, వెల్లుల్లి పొడి అందులో మాడుతుంది. మీకొచ్చే చేదు అదే. పెనం పొడిగా ఉండాలి, కొవ్వు చేపకి ఉండాలి.

వేశాడండీ. చెవులు హోరెత్తే చప్పుడు, తెల్లటి పొగ మేఘంలా లేచింది. గాలివాటు చూసుకుని ఆయన అవతలి వైపు నిలబడ్డాడు, నాకు చెప్పలేదు. గొంతులో మిరపకారం పడి, కళ్లంట నీళ్లు, దగ్గు, మా ఆయన ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చాడు ఏమైందోనని. పెద్దాయన మాత్రం పైన ఒక చెంచా వెన్న వేశాడు, భగ్గున మంట లేచి ఆరింది, ఆయన కనుబొమ కూడా కదల్లేదు. రెండు నిమిషాలు. తిప్పాడు. అడుగు బొగ్గులా నల్లగా ఉంది. అయిపోయింది, మాడిపోయింది అనుకున్నాను. ఇంకో రెండు నిమిషాలకి తీసి పళ్లెంలో పెట్టి, ఫోర్కుతో అంచున విడదీశాడు. లోపల తెల్లగా, తడిగా, రేకులు రేకులుగా విడిపోతోంది. ఆ నల్లటి పొర నోట్లో పెట్టుకుంటే చేదు లేదు. కమ్మటి వాసన, కొంచెం పొగ, ఆ తర్వాత మెల్లిగా ఎక్కే కారం.

ఆ నలుపు చేపది కాదు. వెన్నలో పాలపదార్థం ఉంటుంది, అదీ, పాప్రికా అనే ఘాటు తక్కువ ఎర్ర మిరపపొడీ, మూలికలూ కలిసి ఆ వేడికి నల్లబడతాయి. చేప మాడకముందే ఆ పొర తయారవ్వాలి, అందుకే అంత వేడి. పెనం వేడి తక్కువైతే చేప ఉడుకుతుంది, నీరు వదులుతుంది, మసాలా బురదవుతుంది. అప్పుడు రంగు రావాలని ఇంకాసేపు ఉంచుతారు, అప్పుడది నిజంగా మాడుతుంది. పొగకి భయపడి మంట తగ్గించేవాళ్లందరికీ జరిగేది ఇదే. ఎవరైనా కాదంటే నేనొప్పుకోను.

నెయ్యితో చేస్తే పొగ తగ్గుతుంది కదా అని మనవాళ్లలో తెలివైనవాళ్లు అంటారు. తగ్గుతుంది, నిజమే. కానీ నెయ్యిలో ఆ పాలపదార్థం వడగట్టేసి ఉంటుంది కాబట్టి ఆ పొర అలా రాదు. బాగానే ఉంటుంది తినడానికి, కానీ అది వేరే చేప.

మీకు లోపల పచ్చిగా ఉండటానికి కారణం మందం, ఇంకేం లేదు. అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాటకూడదు. దాటితే మందం సగమయ్యేలా కత్తితో రెండు పలచటి పొరలుగా చీల్చండి. సగం కరిగిన ఫ్రోజెన్ ఫిల్లెట్ వేస్తే మాత్రం దేవుడు కూడా ఏం చేయలేడు. థర్మామీటరు ఉంటే లోపల 63 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి, ఇక్కడ ప్రభుత్వం చెప్పే లెక్క అది. రెడ్‌ఫిష్ దొరక్కపోతే క్యాట్‌ఫిష్ హాయిగా నడుస్తుంది, శాల్మన్ కూడా. కాడ్ విరిగిపోతుంది, తిప్పేటప్పుడు ఏడుపొస్తుంది. చవగ్గా వస్తుందని స్వాయ్ అనే చేప కొనకండి. క్యాట్‌ఫిష్ పక్కనే పెడతారు, చూడటానికీ అలాగే ఉంటుంది, కానీ ఈ దేశంలో దాన్ని క్యాట్‌ఫిష్ అని అమ్మడానికి వీల్లేదు, 2002 నుంచి చట్టమే ఉంది. చట్టం సంగతలా ఉంచి, అది పెనం మీద వదిలే నీటితో చారు కాచుకోవచ్చు.

మసాలా గురించి కూడా అడిగారు. పాప్రికా ఎక్కువ, ఉప్పు, కొంచెం కయాన్ కారం, వెల్లుల్లి పొడి, ఉల్లిపొడి, నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు, ఎండు థైమ్, ఒరెగానో. షాపులో రెడీమేడ్ డబ్బాలు దొరుకుతాయి, వెనకాల చదవండి, చాలావాటిలో మొదటి పేరు ఉప్పే ఉంటుంది. ఉప్పుకి అంత డబ్బు పోయడం నాకు చేతకాదు. ఇంకో మాట. పాప్రికా అయిపోయిందని దాని బదులు మన ఎండుకారం అంతే కొలత వేసిన ఒక స్నేహితురాలి ఇంట్లో నేను భోజనం చేశాను. పాప్రికా రంగుకీ, పొరకీ. ఘాటు కయాన్‌ది, అదీ చిటికెడే. ఆ రోజు ఎవరూ చేపని తిట్టలేదు, నీళ్ల జగ్గు మాత్రం చేతులు మారుతూనే ఉంది. మన నాలుక్కి కారం తక్కువైనట్టనిపించినా ఆ కొలత మార్చకండి, కారం మరీ ఎక్కువైతే పొగ పీల్చలేం కూడా.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ సంగతి. మైక్రోవేవ్ అడుగున ఉండే ఫ్యాన్‌ని నమ్ముకోకండి. చాలా అపార్ట్‌మెంట్లలో దానికి బయటికి గొట్టమే ఉండదు, ఇటు పీల్చి అటు మన మొహాన ఊదుతుంది. దానికి అద్దెలో వాటా ఎందుకు కడుతున్నామో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇక కరెంటు కాయిల్ స్టవ్ అయితే ఇంకో తిరకాసుంది. 2018లో భద్రతా ప్రమాణం మారాక వచ్చినవాటిలో గిన్నె బాగా వేడెక్కగానే కాయిల్ తనంతట తనే ఆగిపోతుంది. ఇళ్లు తగలబడకుండా పెట్టిన ఏర్పాటు, తప్పు పట్టలేం, కానీ మీ తెల్లమచ్చ దాని మీద ఈ జన్మకి రాదు. గాజు స్టవ్ మీద ఉత్త ఇనప పెనం అంతసేపు కాలిస్తే గాజుకే ముప్పు. అలారం బ్యాటరీ పీకేద్దామనుకుంటారేమో, ఆ పని అస్సలు వద్దు. ప్రొపేన్ పొయ్యి బాల్కనీలో పెట్టడానికి చాలాచోట్ల ఒప్పుకోరు, మూసిన గరాజ్‌లో పెడితే ప్రాణాలకే ప్రమాదం. మేం ఇంకా అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో వంటింట్లో ఎవరో ఇలాంటి ప్రయోగం చేశారు, ఫ్లోర్ మొత్తం పైజమాల్లో పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాం. మా ఆయన కోటుకి ఆ వాసన చలికాలం పోయేదాకా వదల్లేదు.

పార్కుకి వెళ్లండి. చాలా ఊళ్ల పార్కుల్లో ఇనప స్తంభానికి బిగించిన బొగ్గుల గ్రిల్లులు ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు. దాని మీద బొగ్గులు ఎర్రగా అయ్యాక పెనం పెట్టండి. పెనం, బొగ్గు, పొడుగు పట్టకారు, మందపాటి చేతిగుడ్డ తీసుకెళ్లండి. చేపలు ఐస్ పెట్టెలో, వెన్న ఇంట్లోనే కరిగించి మూతగిన్నెలో. పెనానికి సరిపడే మూత ఒకటి పక్కన ఉంచుకోండి, వెన్న అంటుకుంటే మూసేయడానికి. నీళ్లు మాత్రం పోయకండి, మంట ఎగజిమ్ముతుంది, పెనమూ పగులుతుంది. పేపర్ టవల్ రోల్ మరిచిపోవద్దు. ఒక విడత అయ్యాక పట్టకారుతో కాగితం పట్టుకుని పెనం తుడిచి, మళ్లీ కాలనిచ్చి, అప్పుడే రెండో విడత వేయాలి. తుడవకపోతే మొదటి విడత మసాలా మాడి, రెండో విడతకి మళ్లీ ఆ చేదే వస్తుంది.