షుగర్ ఉన్న మా నాన్నని క్లినికల్ ట్రయల్‌లో చేరమంటున్నారు, చేర్పించొచ్చా?

నాన్నగారికి ఎప్పట్నుంచో షుగర్, మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చూపిస్తే కొత్త మందు ట్రయల్ నడుస్తోంది చేరతారా అని అడిగారు, ఇంట్లో బాబాయి మాత్రం "ఎలకల మీద చేయాల్సింది మనుషుల మీద చేస్తారు, వద్దు" అని పట్టుబట్టాడు, ఏం చేయాలి అని కదా మీ ప్రశ్న. చేర్పించండి. ఇక్కడితో ఆపేయొచ్చు గానీ నాకు ఈ విషయం మీద చాలా రోజులుగా కడుపులో ఉన్నదంతా కక్కాలని ఉంది, ఓపిక ఉంటే చదవండి.

నేను హైదరాబాద్‌లో ఒక టీచింగ్ హాస్పిటల్లో కొన్నేళ్లు స్టడీ కోఆర్డినేటర్‌గా చేశా. పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు. డాక్టర్ని కాదు, ఎం.ఫార్మసీ. పేషెంట్లకి ఫోన్లు చేసి పిలవడం, మందు డబ్బాలు లెక్కపెట్టడం, రక్తం శాంపిళ్లు డ్రై ఐస్‌లో సర్ది కొరియర్ కుర్రాడి చేతిలో పెట్టడం, ఈసీకి (ఎథిక్స్ కమిటీకి, పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ అది) లెటర్లు, కంపెనీ తరఫున మా పని తనిఖీ చేసే మానిటర్ అడిగే క్వెరీలకి జవాబులు, అన్నీ మేమే. పేపర్లో ఫోటో మాత్రం పీఐ గారిది, అంటే ట్రయల్ నడిపే పెద్ద డాక్టరుది పడుతుంది, ఆ పడనీండి.

ముందు మీ బాబాయి సంగతి. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు, ఆయన్ని తీసిపారేయకండి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది, ఒక అమెరికన్ సంస్థా, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆరూ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి నడిపిన ప్రాజెక్టు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలా చోట్ల వార్డెన్లూ హెడ్మాస్టర్లూ పెట్టేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారని గొడవై 2010 ఏప్రిల్లో ప్రాజెక్టు ఆపేశారు, ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది, అయినా ఆ సంతకాల వ్యవహారం మీద 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఏకిపారేసింది. టీకా మంచిదే, ఇప్పుడు ప్రపంచమంతా వేస్తున్నారు, మా అక్క కూతురికి నేనే దగ్గరుండి వేయించా. కానీ వార్డెన్ చేత సంతకం పెట్టించుకుంటే ఎంత మంచి టీకా అయినా జనం నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఆ గొడవా, ట్రయళ్ల మీద 2012లో సుప్రీంకోర్టుకెళ్లిన పిటిషనూ కలిసి రూల్స్ బిగిశాయి, 2019లో కొత్త క్లినికల్ ట్రయల్స్ రూల్స్ వచ్చాయి. ఇప్పుడు ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క మాత్ర కదలదు. ఆ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, అందులో సగం మంది ఆ ఆస్పత్రితో సంబంధం లేనివాళ్లు, ఒక లాయరు, ఒక మహిళ, వైద్యంతో పనిలేని ఒక మామూలు మనిషి తప్పనిసరి. మా కమిటీలో ఆ మామూలు మనిషి ఒక రిటైరైన మాస్టారు, ప్రొఫెసర్లందరికంటే ఆయనకే మేం ఎక్కువ భయపడేవాళ్లం. మాలిక్యూల్ గురించి, అంటే మందులో ఉండే రసాయనం గురించి ఒక్క ప్రశ్న అడిగేవాడు కాదు. "జనగామ నుంచి రానూపోనూ ఎంతవుతుందో మీలో ఎవరికన్నా తెలుసా? మరి ఈ చార్జీల కాలమ్‌లో అంకె ఎవరేశారు?" అనేవాడు. మీటింగ్ మొత్తం సైలెంట్.

ఇక కన్సెంట్, అంటే అన్నీ చెప్పి పేషెంటు దగ్గర తీసుకునే ఒప్పుకోలు. కొత్త మాలిక్యూల్ అయితే, పేషెంటు బీదవాళ్లో చదువు లేనివాళ్లో అయితే సంతకం ఒక్కటే చాలదు, ఫారం చదివి వినిపించడం దగ్గర్నుంచి మొత్తం వీడియో తీయాలి. మా ఓపీ పక్కన స్టోర్ రూమంత గది ఉండేది, వీడియోలో చప్పుడొస్తుందని ఫ్యాన్ ఆపేసేవాళ్లం, మే నెలలో ఆ గదిలో కూర్చుంటే డాక్టరుకీ పేషెంటుకీ సమానంగా చెమటలు పట్టేవి. జనగామ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, మిషన్ కుట్టేవాడు, పేరు వరకు రాయగలడు అంతే, అందుకని సాక్షి కావాలి, స్టడీకి సంబంధం లేని మనిషి కావాలని బ్లడ్ బ్యాంక్ క్లర్కుని బతిమాలి తెచ్చా. పీఐ సార్ ఫారం మొత్తం ఓపిగ్గా చదివాడు, కొందరికి అసలు మందు వస్తుంది, కొందరికి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్ర వస్తుంది, మీరు వాడే పాత షుగర్ మందు ఎలాగూ కొనసాగుతుంది అని చెప్పాడు.

"అయితే సారూ, నాకిచ్చేది అసలు గోలీనో ఉత్త గోలీనో మీకు తెల్వదా?"

"తెల్వదు పెద్దాయనా."

"ఈ బిడ్డకు?"

"ఆమెకూ తెల్వదు, కంప్యూటరుకే తెలుసు."

"గమ్మత్తున్నదే! ఇచ్చేటోనికి తెల్వదు, మింగేటోనికి తెల్వదు. మరి అద్దమరాత్రి నాకేమన్నా అయితే ఆ కంప్యూటరు ఫోనెత్తుతదా?"

బ్లడ్ బ్యాంక్ క్లర్కు పగలబడి నవ్వాడు, ఆ నవ్వు కూడా వీడియోలో ఉంది, ఆర్కైవ్‌లో ఇప్పటికీ ఉండే ఉంటుంది. కానీ ఎంత మంచి ప్రశ్నో చూడండి. సార్ వెంటనే కార్డు తీసి నంబరు చూపించి, ప్రాణం మీదకొస్తే ఏ టైమ్‌లో అయినా ఎవరికేది వెళ్లిందో దాచి ఉంచిన కోడ్ విప్పి ఏ మందో చూసే ఏర్పాటు ఉంటుందని, ఆస్పత్రిలో పడితే 24 గంటల్లో ఢిల్లీలో డ్రగ్ కంట్రోలర్ దాకా రిపోర్ట్ వెళ్లాలని, ట్రయల్ వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు పేషెంటుది కాదని చెప్పాడు. ప్రాణం పోతే నష్టపరిహారానికి ఫార్ములా కూడా ఉంది, 8 లక్షల మూలధనం తీసుకుని వయసూ జబ్బు తీవ్రతా చూసి లెక్కేస్తారు. అదంతా విన్నాక పెద్దాయన అడిగింది ఒకటే, "ఫోను ఈ బిడ్డే ఎత్తుతదా?" ఎత్తుతా అన్నా. సంతకం పెట్టాడు.

అప్పట్నుంచి ప్రతి విజిట్‌కీ టైముకొచ్చేవాడు, డబ్బా భద్రంగా జేబురుమాల్లో చుట్టి తెచ్చేవాడు. మిగిలిన మాత్రలు మేం ట్రేలో పోసి లెక్కపెడతాం, పొద్దునొకటి రాత్రొకటి చొప్పున ఎన్ని అయిపోవాలో సరిగ్గా అన్నే అయిపోయేవి. కాంప్లయన్స్ నూటికి నూరు. మానిటర్ వచ్చినప్పుడల్లా ఆ ఫైలే ముందు చూపించేవాళ్లం, మా సైట్ ఇంత బాగుంటుందని. ఒకసారి ఆయనతో పాటు ఆయన భార్య కూడా వచ్చింది, లెక్కపెట్టడం కాసేపు చూసి మెల్లగా నా దగ్గరికొచ్చి "గీ గోలీలతోని నాకు కాళ్ల తిమ్మిర్లు మస్తు తగ్గినయ్ బిడ్డా, నాకు ఇంకో డబ్బా ఇయ్యరాదు?" అంది.

నాకు చేతిలో ట్రే ఆగిపోయింది. పెద్దాయన మాత్రం ఏమాత్రం తడబడలేదు. "ఆమెకూ షుగరే గద. ఇద్దరికీ మందులు కొననీకె పైసలేడికెళ్లి తేవాలె? పొద్దుటిది నేను, రాత్రిది ఆమె" అన్నాడు, ఇందులో తప్పేముంది అన్నట్టు.

తర్వాత జరిగిన కాగితాల తిరునాళ్ల మీకెందుకులెండి, రూలు తప్పిందని డీవియేషన్ రాయడం, ఈసీకి లెటరు, స్పాన్సర్‌తో (ట్రయల్ చేయించే కంపెనీతో) కాల్, మళ్లీ కన్సెంట్ చదవడం. మార్కెట్లోకి రాని మందు ట్రయల్లో లేని మనిషి కడుపులోకి వెళ్లింది, అది చిన్న విషయం కాదు, ఆమెకి అన్ని పరీక్షలూ చేయించాం, ఏమీ కాలేదు, ఓపీ చీటీ తీసి ఆస్పత్రి మందులు మొదలుపెట్టించాం. కానీ నేను అప్పట్నుంచి ఏ ట్రయల్ రిజల్ట్ చూసినా ముందు ఆ జేబురుమాలే గుర్తొస్తుంది. పెద్ద పెద్ద జర్నల్స్‌లో పాయింట్ తర్వాత మూడు అంకెలేసి గ్రాఫులు గీస్తారు కదా, ఆ అంకెలన్నీ ఇలాంటి ఇళ్లలో పుడతాయి. నన్నడిగితే ట్రయళ్లలో మాత్రలు సగానికి సగం సరిగ్గా మింగరు, రుజువేదంటే నా దగ్గర లేదు, కానీ నాకు తెలుసు.

ఆస్పత్రి వాళ్లు మాత్రం తక్కువా? మందులు పెట్టే ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి, తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసి అంటించాం, అయినా ఒక పీజీ డాక్టర్ గారు రోజూ అందులో పెరుగన్నం డబ్బా పెట్టేవాడు. తలుపు సరిగ్గా పడక టెంపరేచర్ దాటి ఒక లాట్ ఇన్సులిన్ పెన్నులు మొత్తం పక్కన పడేయాల్సొచ్చింది. పీజీల గురించి మొదలుపెడితే ఆగను. ప్రతి పీజీ థీసిస్ చేయాలి, రూలు. అందులో ఎన్ని నిజంగా చేసినవి? సీనియర్ థీసిస్‌లో ఊరి పేరూ సంవత్సరమూ మార్చి బైండింగ్ చేయించినవి నా కళ్లతో చూశా. పగలూ రాత్రీ డ్యూటీలేసి పిండి, ఇంకో చేత్తో రీసెర్చ్ చెయ్యమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం. ప్రమోషన్లకి పేపర్లు కావాలి కాబట్టి ప్రొఫెసర్లకీ పేపర్ ఉంటే చాలు, అందులో ఏముందో ఎవడిక్కావాలి. నా జీతమైతే మధ్యలో ఉన్న ఏజెన్సీ ఇచ్చేది, మూడు నెలలకోసారి గుర్తొచ్చేది వాళ్లకి.

సరే, ఇన్ని తిట్టి కూడా చేర్పించమని ఎందుకంటున్నానంటే, మామూలు ఓపీలో మీ నాన్నగారికి దొరికేది రెండు నిమిషాలు. ట్రయల్లో ఉంటే పేరు పెట్టి పిలిచే మనిషి ఉంటుంది, ఒక విజిట్ తప్పితే సాయంత్రానికి ఫోనొస్తుంది, కిడ్నీ, లివర్, కళ్లు అన్నీ ఉచితంగా చూస్తారు. ఇంకోటి, ఎవరో ఒకరు చేరబట్టే మనం ఇవాళ మందులు మింగుతున్నాం. 1956లో మద్రాసులో టీబీ కేంద్రం వాళ్లు పేద పేషెంట్లని రెండు గుంపులు చేసి, ఒకళ్లని శానిటోరియంలో, ఒకళ్లని ఇంట్లోనే ఉంచి ఏడాది మందులిచ్చారు. శానిటోరియంలో మంచి తిండీ విశ్రాంతీ, ఇంట్లో ఇరుకు గదీ అరకొర తిండీ, అయినా నయమవడంలో పెద్ద తేడా రాలేదు, ఇంట్లోవాళ్లకి అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ఇవాళ టీబీ వస్తే ఇంట్లో ఉండే మందులు వాడుకుంటున్నామంటే దానికి మూలం ఆ మురికివాడల జనం. మొన్న కరోనాలో 2020 జులైలో మన నిమ్స్‌లో కోవాగ్జిన్ మొదటి దశకి చేతులు చాపిందీ మామూలు మనుషులే.

నా అసలు కోపం ఇంకోచోట ఉంది. జనగామ పెద్దాయన చివరి విజిట్ అయిపోయాక ఒక్కటే అడిగాడు, "ఇప్పుడన్నా చెప్పు బిడ్డా, నాది అసలు గోలీనా ఉత్తదా?" అన్ని ఊళ్లలో అన్ని సైట్లూ ముగిస్తే గానీ కోడ్ విప్పరు, విప్పాక చెప్తా అన్నా. విప్పారు. నేను స్పాన్సర్‌కి మెయిల్ పెడితే ఫలితాలు ట్రయళ్ల వివరాలుండే ఆన్‌లైన్ రిజిస్ట్రీలో పెడతాం చూసుకోండన్నారు. ఇంగ్లీషులో, టేబుళ్లలో, మిషన్ కుట్టే పెద్దాయన చూసుకోవాలంట! ఏ మనిషికి ఏ మాత్ర వెళ్లిందో అందులో ఎలాగూ ఉండదు. కొన్నేళ్ల పాటు నెలనెలా బస్సెక్కి వచ్చి చెయ్యి చాపిన మనిషికి ఒక్క ఉత్తరం ముక్క రాయలేరా? ఆమెకి తిమ్మిర్లు తగ్గించింది మందో సుద్దో కూడా ఆ ఇద్దరికీ ఇప్పటికీ తెలీదు. ఇంకా అన్యాయం ఏంటంటే ట్రయల్ ముగిసిన రోజే డబ్బా ఆగిపోయింది. మందు మేలు చేస్తోందని డాక్టరు రాసి, వేరే మందు ఏదీ లేకపోతే, ఈసీ ఒప్పుకుంటే తర్వాత కూడా కంపెనీ ఉచితంగా ఇవ్వాలని 2019 రూల్స్‌లోనే ఉంది, కానీ షుగర్‌కి వేరే మందుల్లేవని ఎవరు రాస్తారు, సంతలో సవాలక్ష ఉన్నాయి.

కాబట్టి మీరు భయపడి ఇంట్లో కూర్చోకండి, వెళ్లి సతాయించండి. సీటీఆర్ఐ నంబరు అడగండి, అది మన దేశంలో ట్రయళ్ల రిజిస్ట్రీ, ఏ ట్రయల్ అయినా అందులో రిజిస్టర్ చేయడం 2009 నుంచి తప్పనిసరి, నంబరు చెప్పడానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఫారం ఇంటికి తెచ్చుకుని మీ బాబాయి చేతే పైకి చదివించండి, అనుమానం ఉన్న మనిషి కంటే బాగా చదివేవాడు ఉండడు. సంతకం పెట్టాక ఒక కాపీ మీ దగ్గరుండాలి, మధ్యలో వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు, మానేస్తే మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. చివరి విజిట్ తర్వాత మందు ఎవరిస్తారు, ఫలితం మాకెవరు చెప్తారు అని పీఐ గారిని మొహం మీదే అడగండి, వీలైతే కాగితం మీద రాయించుకోండి. కోఆర్డినేటర్ నంబరు తీసుకుని రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఊరికే చేసి చూడండి. ఎత్తకపోతే చేర్పించకండి.

అన్నట్టు, అమ్మగారికి కూడా షుగర్ ఉంటే ఆవిడకి విడిగా ఓపీ చీటీ తీయించండి, నాన్నగారి డబ్బా జోలికి మాత్రం వెళ్లనీకండి.