వి.హెచ్.ఎస్.ను గెలిపించింది నీలిచిత్రాలేనా?

వీడియో క్యాసెట్ల పోటీలో బీటామాక్స్ ఓడి వి.హెచ్.ఎస్. గెలవడానికి నీలిచిత్రాలే కారణమా అని అడిగారు. కానే కాదు. ఎనభైల్లో గుంటూరులో మా బాబాయి వీడియో లైబ్రరీలో పనిచేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

1975లో సోనీ తెచ్చిన బీటామాక్స్ క్యాసెట్‌లో మొదట్లో గంటసేపే పట్టేది. మరుసటి ఏడు జె.వి.సి. తెచ్చిన వి.హెచ్.ఎస్.లో రెండు గంటలు పట్టేది. పైగా జె.వి.సి. ఇతర కంపెనీలనూ ధారాళంగా తయారు చేసుకోనిచ్చింది, దాంతో ధరలు దిగాయి. జనానికి కావలసింది అదే.

మా దగ్గర టీవీ, వి.సి.ఆర్. కలిపి రాత్రికి అద్దెకు తీసుకునేవారు. వీధంతా చాపలు పరుచుకుని తెల్లవార్లూ మూడు సినిమాలు చూసేవారు. వ్యాపారం నిలబడింది వాళ్లవల్ల. పేరు రాయని క్యాసెట్లు అడిగేవాళ్లూ ఉండేవారు, కానీ వాళ్ల కోసం ఎవరూ వి.సి.ఆర్. కొనలేదు.

ఒకసారి మా వి.సి.ఆర్. ఒక లాడ్జి గదికి వెళ్లింది. పోలీసులు ముందు ఫ్యూజు పీకి, ఆ తర్వాత తలుపు కొట్టారు. కరెంటు లేకపోతే క్యాసెట్ బయటికి రాదు, టేపు లోపల డ్రమ్ముకు చుట్టుకుని ఉండిపోతుంది. పొద్దున్నే నన్ను స్టేషన్‌కు పిలిచి మూత విప్పమన్నారు. స్క్రూలు తీసి, మోటారు పుల్లీని వేలితో కొద్దికొద్దిగా తిప్పి, టేపు తెగకుండా క్యాసెట్ బయటికి తీశాను. వి.సి.ఆర్. మాత్రం సాక్ష్యమని అక్కడే ఉంచేశారు. బాబాయి అప్పు చేసి కొన్నది! కేసు తేలేసరికి వరండాలో వానకు తడిసి పనికిరాకుండా పోయింది. జప్తు చేసిన సొత్తును ఇలా పాడుబెట్టే హక్కు ఎవరిచ్చారు?

అశ్లీల చిత్రాల వ్యాపారం కొత్త పరికరాలను పుట్టించదు. ఎవరో పెట్టుబడి పెట్టి తయారు చేసినదాంట్లో చాటు దొరికితే అక్కడ చేరుతుంది. ఫ్రాన్స్‌లో ఇంటర్నెట్ రాకముందు ఫోన్ లైను మీద నడిచిన మినిటెల్ అనే తెర పెట్టెకు శృంగార సంభాషణలు బాగా డబ్బు తెచ్చాయి, నిజమే. కానీ ఆ పెట్టెలను ఇళ్లకు ఉచితంగా పంచింది ప్రభుత్వ టెలిఫోన్ శాఖ, అదీ ఫోన్ డైరెక్టరీకి బదులుగా. డి.వి.డి. తర్వాతి తరం డిస్కుల పోటీలోనూ అశ్లీల చిత్రాల నిర్మాతలు చాలామంది మొదట తోషిబా వారి హెచ్.డి. డి.వి.డి. వైపే మొగ్గారు. అయినా 2008 జనవరిలో హాలీవుడ్ సినిమా సంస్థ వార్నర్ దాని పోటీ డిస్కు బ్లూరేను ఎంచుకోగానే, ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది.

2017లో డీప్‌ఫేక్‌లు జనం కంట పడింది నటీమణుల ముఖాలను అశ్లీల వీడియోలకు అతికించడంతోనే. రేపు దీన్నీ సాంకేతిక ప్రగతి కింద జమకట్టేవాళ్లు వస్తారు. ఆ ముఖాలు ఎవరివో వాళ్లను ముందు అడిగి రమ్మంటాను.